కారు బయటికి, ఇనుము లోపలికి

ఇంట్లో జిమ్ పెట్టుకోవాలన్న ఆలోచన రాగానే చాలామంది ఫోన్ తీసి రాడ్డు, ప్లేట్లు వెతుకుతారు. ఆర్డరు పెడతారు. పార్సిల్ ఆఫీసు నుంచి ఆటోలో వేసుకొచ్చి, పోర్టికోలో పార్కింగ్ టైల్స్ మీదే మొదలుపెడతారు. కొన్నాళ్లకు టైల్స్ పగులుతాయి, ఇంట్లో మాటలు పడతాయి, రాడ్డు మెట్ల కిందికి చేరుతుంది. ఖర్చు పెట్టాల్సిన వరుస దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ముందు నేల, తర్వాత చెక్క, ఆ తర్వాత రాడ్డు. మిగతావన్నీ వాటి వెనకే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఈ వరుస బాగా కలిసొస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీలు మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లిలోనే ఉన్నాయి. 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడ మీదుగానే పోతుంది కాబట్టి లారీ పనులు చేసే వెల్డర్లు, లేత్ షాపులు, సీట్లు కుట్టేవాళ్లు దొరుకుతారు. మిర్యాలగూడలో రైస్ మిల్లులు కావలసినన్ని ఉన్నాయి. మిల్లు ఉన్నచోట ఫిట్టరూ ఉంటాడు, కాంటా కూడా ఉంటుంది. బయటి నుంచి తప్పనిసరిగా తెప్పించుకోవాల్సినవి రెండే: రాడ్డు, బంపర్ ప్లేట్లు. మిగతావన్నీ ఊళ్లోనే చేయించుకోవచ్చు. ఆ రెండింటిని మాత్రం ఊళ్లో చేయించుకోకూడదు. ఈ తేడా తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది, నడుమూ మిగులుతుంది.

ముందుగా ఒకటి తేల్చుకోండి. ఇక్కడ చెప్పేది అద్దాలు, కేబుల్ మిషన్లు ఉండే జిమ్ గురించి కాదు, వెయిట్‌లిఫ్టింగ్ గురించి. స్నాచ్‌లో బరువు నేల మీద నుంచి ఒకే ఊపులో తల మీదికి వెళ్తుంది. క్లీన్ అండ్ జర్క్‌లో ముందు భుజాల మీదికి, అక్కడి నుంచి తల పైకి. రెండింటిలోనూ చివరికి ఆ బరువు ఆరేడడుగుల ఎత్తు నుంచి కింద పడుతుంది. గది ఎత్తు, కాంక్రీటు మందం, రబ్బరు, పొరుగువాళ్లతో సంబంధం అన్నీ ఆ పడడం దగ్గరే తేలతాయి. మన దగ్గర ఈ ఆటకు పెద్ద పేరు తెచ్చినవి చిన్న ఊళ్లే. కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతం నుంచి, నీలంశెట్టి అప్పన్న శిక్షణలో ఎదిగారు. విజయనగరం దగ్గరి కొండవెలగాడ అనే పల్లె నుంచి లిఫ్టర్లు వరసగా వస్తూనే ఉన్నారు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. 2018 గోల్డ్‌కోస్ట్‌లో 85 కిలోల విభాగంలో 338 కిలోలెత్తి స్వర్ణం గెలిచిన రాగాల వెంకట్ రాహుల్‌ది స్టూవర్టుపురం. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో పిల్లలకు ఒళ్లు లేక కాదు, బరువు కింద పడేయడానికి చోటు లేకనే ఈ ఆట అంటుకోలేదని నా అభిప్రాయం.

చోటు కొలవడం

మామూలుగా దొరికేది పోర్టికో, స్టిల్ట్ పార్కింగ్, లేదా ఇంటి పక్కన రేకుల షెడ్డు. మేడ మీది గది వద్దు. స్లాబు ఎంత గట్టిదైనా బరువు పడేయడానికి పోసింది కాదు.

వెడల్పు పన్నెండు అడుగులు ఉంటే హాయి. పోటీ రాడ్డు పొడవు 2.2 మీటర్లు, అంటే ఏడడుగుల మూడంగుళాలు. మనం వేసే చెక్క వేదిక ఎనిమిది అడుగులు. అటూ ఇటూ రెండేసి అడుగులుంటేనే ప్లేటు పట్టుకుని వంగి ఎక్కించగలుగుతారు. పదడుగుల్లోనూ చేసుకోవచ్చు గానీ ప్రతిసారీ గోడకు మోచేయి గీసుకుంటుంది. లోతు పద్నాలుగు అడుగులుంటే వేదిక వెనక స్టాండు, బెంచీ కూడా పడతాయి.

ఎత్తు దగ్గర లెక్క జాగ్రత్తగా వేయాలి. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి చేతులు చాచి రాడ్డు పైకెత్తితే పిడికిలి సుమారు ఏడడుగుల దగ్గర ఉంటుంది. పెద్ద ప్లేటు వ్యాసం 450 మిల్లీమీటర్లు, అందులో సగం తొమ్మిదంగుళాలు. కింద వేదిక రెండంగుళాల పైచిలుకు. ఇక్కడికే ఎనిమిదడుగులు. ఊపులో ఇంకొంచెం పైకి లేస్తుంది. కాబట్టి తొమ్మిదడుగుల కంటే తక్కువున్న చోట జర్క్ చేయకండి. ఇంటి స్లాబు పదడుగులున్నా పోర్టికో స్లాబు ఒక అడుగు కిందికి పోసి ఉంటుంది, టేపు పెట్టి చూసుకోండి. సీలింగు ఫ్యాను ఉంటే తీసేయించి గోడ ఫ్యాను పెట్టించండి. అది రెక్కలకు దెబ్బ తగిలాక చేయాల్సిన పని కాదు.

కొలతలన్నీ కుదిరినా కారు ఎక్కడ పెడతామన్న ప్రశ్న మిగులుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో మాట్లాడుకోండి.

నేల

మన పోర్టికోలకు ఒక గుణం ఉంది. కడిగిన నీళ్లు, వాన నీళ్లు బయటికి పోవాలని మేస్త్రి గేటు వైపు వాలు పెడతాడు. కారుకు ఆ వాలు తెలియదు. రాడ్డుకు తెలుస్తుంది. ప్లేట్లు ఎక్కించి నేల మీద పెట్టి చెయ్యి తీస్తే మెల్లగా గేటు వైపు దొర్లుకుంటూ పోతుంది. వాలు నేల మీద స్నాచ్ చేస్తే బరువు మునివేళ్ల మీదికో మడమల మీదికో జారుతుంది, మోకాలికి కారణం తెలియని నొప్పి మొదలవుతుంది. అందుకే మొదట మేస్త్రి దగ్గరుండే నీళ్ల గొట్టంతో నాలుగు మూలలూ లెవెల్ చూపించండి. అంగుళం లోపు తేడా అయితే వేదిక కింద సరిచేసుకోవచ్చు. అంతకు మించితే నేల కొత్తగా పోయడమే మేలు.

తర్వాత సుత్తి వెనక భాగంతో టైల్స్ మీద తడుతూ పోండి. గట్టి చప్పుడు వస్తే కింద సిమెంటు నిండుగా ఉన్నట్టు. డొల్ల చప్పుడు వస్తే కింద గాలి ఉన్నట్టు, మొదటి దెబ్బకే పోతుంది. షాబాదు బండలు ఇసుక మీద పరిచిన పాత ఇళ్లలో ఆలోచించే పనే లేదు, లేపేయాల్సిందే.

కొత్తగా పోసేటప్పుడు కింది మట్టి ఏమిటో చూడాలి. ఎర్ర చల్క నేల అయితే తడిపి, దిమ్మిస కొట్టి, దాని మీద పని మొదలుపెట్టవచ్చు. సాగర్ ఎడమ కాలువ కింద చాలాచోట్ల ఉన్నట్టు నల్లరేగడి అయితే ఊరుకోదు. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది, పైనున్న కాంక్రీటును కూడా తనతోపాటు చీలుస్తుంది. కనీసం రెండడుగుల రేగడి తీసేసి మొరం నింపండి. అంతా ఒకేసారి పోసి పైపైన తొక్కితే లాభం లేదు; ఆరేడంగుళాలకు ఒక పొర చొప్పున నీళ్లు చల్లి దిమ్మిస వేయాలి.

దాని మీద మూడు, నాలుగంగుళాల బెడ్డు. బెడ్డు మీద 8 ఎంఎం సలాకలు ఎనిమిదంగుళాలకొకటి చొప్పున రెండు వైపులా జాలీగా కట్టి, కింద కవర్ బిళ్లలు పెట్టి, ఐదంగుళాల కాంక్రీటు. పాలు ఒకటికి ఒకటిన్నర, మూడు: సిమెంటు, ఇసుక, 20 ఎంఎం కంకర. పన్నెండు, పద్నాలుగు అడుగుల చోటుకు ఇది రెండు ఘనమీటర్లు తూగుతుంది. పై పొరకు పదహారు సిమెంటు బస్తాలు, 65 కిలోల సలాక పడతాయి. బెడ్డుకు సిమెంటు వేరు. ఇసుక దొరక్కపోతే రోబోశాండ్ వాడినా ఇబ్బంది లేదు.

పోసే రోజు మీరు దగ్గరుండాలి. మాలు పలచగా ఉంటే పరచడం సులువు, అందుకని కూలీలు నీళ్లు పోస్తూనే ఉంటారు. "కొద్దిగ నీళ్లు గొడితే మంచిగ సాఫ్ వస్తది సార్" అంటాడు మేస్త్రి. సాఫుగా వస్తుంది, బలం పోతుంది. నీళ్లు ఎక్కువైన కాంక్రీటు పైపొర దుమ్ము రాలుతూనే ఉంటుంది. పోసిన మర్నాడు చుట్టూ మట్టితో చిన్న గట్లు కట్టి నీళ్లు నిలపండి. ఏప్రిల్, మే నెలల్లో పోస్తే గోనె సంచులు కప్పి తడుపుతూ ఉండాలి. ఈ ప్రాంతపు ఎండకు మధ్యాహ్నానికే నీళ్లు ఆవిరైపోతాయి. ఏడు రోజులు కనీసం, పద్నాలుగు రోజులైతే మంచిది. కాంక్రీటుకు లెక్క ప్రకారం బలం వచ్చేది 28 రోజులకు. ఆలోగా చెక్క పని, వెల్డింగు పని చేయించుకోవచ్చు గానీ దాని మీద బరువు మాత్రం పడేయకండి.

చెక్క వేదిక

ఎనిమిదడుగుల చదరం. 19 ఎంఎం ప్లైవుడ్ షీట్లు, ఎనిమిదికి నాలుగువి, ఐదు కావాలి. మొదటి పొరకు రెండు షీట్లు పక్కపక్కన. రెండో పొరకు ఇంకో రెండు, మొదటి వాటికి అడ్డంగా, అతుకు మీద అతుకు పడకుండా. మూడో పొరలో నడుమ ఒకే షీటు, మీరు నిలబడేది దాని మీదే. దానికి అటూ ఇటూ మిగిలిన రెండేసి అడుగుల పట్టీల్లో అదే మందం రబ్బరు, ప్లేట్లు పడేది దాని మీద. కాలి కింద గట్టిగా, ప్లేటు కింద మెత్తగా ఉండాలన్నదే ఇందులో కిటుకు. కొందరు మొత్తం రబ్బరే పరుస్తారు. రబ్బరు మీద నిలబడి బరువెత్తితే పాదం కుదురుగా ఉండదు.

ప్లైవుడ్‌లో మామూలు రకం ఐఎస్ 303, నీటిని తట్టుకునే మెరైన్ రకం ఐఎస్ 710. పోర్టికో తెరిచి ఉంటే, జల్లు పడుతుందంటే, 710 తీసుకోండి. షీటు మీద ఆ ముద్ర ఉందో లేదో చూడండి, దుకాణదారు మాట మీద పోవద్దు. చెదలు మనకు పెద్ద శత్రువు. నేలకూ గోడకూ కలిసే మూలల్లో ముందే చెదల మందు కొట్టించి, పూర్తిగా ఆరనిచ్చి, మందపాటి పాలిథిన్ పట్టా పరిచి, దాని మీద మొదటి పొర పెట్టాలి. పొరలను ఒకటిన్నర అంగుళం లోపు స్క్రూలతో బిగించండి. మేకులు వద్దు, దెబ్బదెబ్బకూ పైకి లేస్తాయి. చుట్టూ ఇనుప యాంగిల్ చట్రం వేయిస్తే షీట్లు పక్కకు జరగవు.

రబ్బరుకు జిమ్ సామాను దుకాణానికే పోనక్కర్లేదు. పాడి పశువుల కొట్టాల్లో పరిచే మందపాటి రబ్బరు మ్యాట్లు ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. గేదె బరువునూ గిట్టలనూ ఏళ్ల తరబడి ఓర్చుకోవడానికే అవి తయారవుతాయి. ఇంకో దారి కన్వేయర్ బెల్టు. సిమెంటు ఫ్యాక్టరీలు, క్రషర్లు అరిగిన బెల్టులను తీసేస్తాయి, పాత సామాను వ్యాపారుల దగ్గర అడిగి చూడండి. అయితే బెల్టు లోపల గుడ్డ పొరలుంటాయి కాబట్టి మ్యాటు కన్నా గట్టిగా ఉంటుంది, చప్పుడూ ఎక్కువే. బెల్టు కింద, మ్యాటు పైన వేస్తే రెండూ కలిసి బాగా పనిచేస్తాయి.

రాడ్డు

ఉన్న డబ్బులో పెద్ద వాటా దీనికే పోవాలి. పోటీల్లో మగవాళ్ల రాడ్డు 20 కిలోలు, పట్టుకునే చోట 28 మిల్లీమీటర్ల మందం. ఆడవాళ్లది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు, పొడవు 2.01 మీటర్లు. రెండింటికీ ప్లేట్లు ఎక్కే చివరల మందం 50 మిల్లీమీటర్లు. ఈ యాభై అంకె గుర్తుంచుకోండి. మన బజార్లలో మామూలు జిమ్ ప్లేట్లు ముప్పై మిల్లీమీటర్ల లోపు రంధ్రంతో, రాడ్లు దానికి తగ్గ మందంతో వస్తాయి. ఒక కొలత రాడ్డు, ఇంకో కొలత ప్లేట్లు కొనుక్కొచ్చి తల పట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

మంచి రాడ్డులో చివరలు స్వేచ్ఛగా తిరుగుతాయి. క్లీన్‌లో మోచేతులు కిందినుంచి ముందుకు తిప్పేటప్పుడు రాడ్డు చేతిలో తిరుగుతుంది, ప్లేట్లు మాత్రం తిరగకూడదు. తిరిగితే ఆ ఊపంతా మణికట్టు మీద పడుతుంది. చూసి కొనే వీలుంటే చివరను వేలితో తిప్పండి. గరగరలాడకుండా కాసేపు తిరిగి నెమ్మదిగా ఆగాలి. రాడ్డును స్టాండు మీద పెట్టి దొర్లిస్తూ నడుమ చూపు నిలపండి, వంకర ఉంటే అలలా ఎగిరి పడుతుంది. కంపెనీలు తన్యబలం పీఎస్‌ఐల్లో చెబుతాయి. 1,90,000 పైన ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఇక్కడే ఊళ్లో వెల్డరుకూ మీకూ వాదన వస్తుంది. "రైస్ మిల్లు షాఫ్టు ఉంది సార్, లేత్ మీద దింపి నర్లింగ్ కొట్టిస్త. టన్నులు లాగుతది, వంగుతదా?" అంటాడు. (నర్లింగ్ అంటే పట్టు కోసం రాడ్డు మీద వేసే గరుకు గీతలు.) మిల్లులో షాఫ్టు బేరింగుల మధ్య తిరుగుతుంది, అది దాని పని. లిఫ్టింగ్ రాడ్డుది వేరే పని: రెండు చివరలా బరువుతో నేలకు కొట్టుకుని, వంగి, మళ్లీ తిన్నగా రావాలి, అదీ వేలసార్లు. షాఫ్టులకు వాడే ఈఎన్-8 ఉక్కు తన్యబలం మామూలు స్థితిలో పైన చెప్పిన అంకెలో సగం దగ్గరే ఆగుతుంది. ఒకసారి వంగితే అలాగే ఉండిపోతుంది. పైగా చివరలను వెల్డింగు చేసి అతికిస్తే, అతుకు విరిగేది మీ తల మీద ఉన్నప్పుడే. వెల్డరు పనితనం గొప్పదే కావచ్చు, ఈ ఒక్క వస్తువుకు మాత్రం వద్దని చెప్పండి.

మన దేశంలో ఆటసామాను తయారీకి మీరట్, జలంధర్ పేరున్న ఊళ్లు. అక్కడి నుంచి ట్రాన్స్‌పోర్టులో తెప్పించుకుంటే, పార్సిల్ ఆఫీసులోనే గొట్టం విప్పి దొర్లించి చూసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

ప్లేట్లు

బంపర్ ప్లేట్లు రబ్బరువి, ఎంత బరువైనా పదికిలోల నుంచి పైవన్నీ 450 మిల్లీమీటర్ల వ్యాసమే. పోటీల్లో 25 ఎరుపు, 20 నీలం, 15 పసుపు, 10 ఆకుపచ్చ. మొదట్లో 10, 15, 20 కిలోల జత ఒక్కొక్కటి, పైన ఐదు, రెండున్నర, ఒకటింబావు కిలోల చిన్న జతలు తీసుకుంటే చాలాకాలం నడుస్తుంది. పెద్ద మూడు జతలు 90 కిలోలు, రాడ్డుతో 110. మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్ స్నాచ్‌లో ఎత్తింది సరిగ్గా అంతే. ఆ మూడు జతలూ ఒకేసారి ఎక్కించే రోజు వచ్చేసరికి తర్వాత ఏం కొనాలో మీకే తెలుస్తుంది.

పదికిలోల బంపర్లు సన్నగా ఉంటాయి. అవి మాత్రమే వేసి తల మీద నుంచి వదిలేస్తే వంగి పాడవుతాయి. ఆ బరువులో ఉన్నన్నాళ్లు చేత్తో కిందికి దించండి.

సిమెంటు ఇంత దగ్గర దొరుకుతుంటే ప్లేట్లు మనమే పోసుకుంటే పోలా అని అనిపిస్తుంది. లెక్క చూడండి. 450 మిల్లీమీటర్ల వ్యాసంతో పదికిలోల కాంక్రీటు బిళ్ల మందం అంగుళం పైచిలుకు మాత్రమే వస్తుంది. అది ఒక్క పడడానికి ముక్కలవుతుంది. స్టాండు మీద నుంచి తీసి మళ్లీ స్టాండు మీదే పెట్టే స్క్వాట్ లాంటి వాటికైతే, నడుమ 50 ఎంఎం పైపు ముక్క పెట్టి ఇరవై కిలోలవి పోసుకోవచ్చు. స్నాచ్‌కు, జర్క్‌కు మాత్రం పనికిరావు.

వచ్చిన ప్లేట్లను ఒక్కొక్కటిగా కాంటా మీద పెట్టండి. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాంటా చాలు. చవక రకాల్లో ఒకే అంకె రాసి ఉన్న రెండు ప్లేట్ల మధ్యే తేడా ఉంటుంది. అసలు బరువును మార్కరుతో వెనకవైపు రాసి, దగ్గర దగ్గరి వాటిని జత చేయండి. ఎడమవైపు అరకిలో ఎక్కువైతే కళ్లకు కనపడదు, నడుముకు తెలుస్తుంది.

స్టాండు, బెంచీ

ఇప్పుడు వెల్డరు దగ్గరికి ధైర్యంగా వెళ్లండి. మూడంగుళాల చదరపు పైపు, 3 ఎంఎం మందం. సన్నది వేసి డబ్బు మిగిల్చుకుందామని చూడకండి. రెండు నిలువు స్తంభాల బయటి అంచు నుంచి బయటి అంచుకు 48 అంగుళాలు. రాడ్డు మీద రెండు చివరల మధ్య ఖాళీ 131 సెంటీమీటర్లే, అంటే యాభై ఒకటిన్నర అంగుళాలు. స్టాండు అంతకు మించి వెడల్పైతే రాడ్డు దాని మీద కూర్చోదు. ఈ ఒక్క కొలత కాగితం మీద రాసి, గీసి ఇవ్వండి. నోటిమాటగా చెబితే లోపలి కొలతో బయటి కొలతో వాళ్లకు అయోమయం అవుతుంది.

స్తంభాలకు రెండంగుళాలకొక రంధ్రం కావాలి. గ్యాస్ కట్టర్‌తో కాల్చిన రంధ్రాలు ఒకదానికొకటి ఎత్తు కలవవు, రాడ్డు ఒకవైపు ఒరుగుతుంది. రెండు పైపులనూ పక్కపక్కన బిగించి ఒకేసారి గుర్తులు గీసి డ్రిల్లింగు మిషన్ మీద వేయించండి. రాడ్డు ఆనే కొక్కేల లోపల నైలాన్ గానీ రబ్బరు గానీ అంటించాలి, లేకపోతే నర్లింగ్ అరిగిపోతుంది. వెల్డింగు అక్కడక్కడా టాకాలు వేసి వదిలేస్తే ఒప్పుకోవద్దు, చుట్టూ నిండుగా రావాలి. రెడ్ ఆక్సైడ్ పూసి ఆరాకే రంగు.

ఒంటరిగా చేసేవాళ్లకు సేఫ్టీ బద్దీలు స్టాండు కన్నా ముఖ్యం. స్క్వాట్‌లో లేవలేకపోయినా, బెంచీ మీద పడుకుని నెట్టలేకపోయినా రాడ్డును ఆపేవి అవే. పొద్దున ఐదింటికి షెడ్డులో మెడ మీద రాడ్డు పడితే పిలిస్తే వినేవాళ్లెవరూ ఉండరు. బద్దీలు లేకుండా బెంచ్ ప్రెస్ చేయొద్దు. మరో మాట లేదు.

స్తంభాల కింద 8 ఎంఎం పలకలు వేసి, 12 ఎంఎం యాంకర్ బోల్టులతో కాంక్రీటుకు బిగించండి. బిగించాక పరీక్ష. బద్దీల మీద అడ్డంగా ఒక పైపు వేసి, ఆరు సిమెంటు బస్తాలు తాళ్లతో వేలాడదీసి ఒక పూట వదిలేయండి. మూడు వందల కిలోలు. అతుకుల దగ్గర రంగు పగిలినా, స్తంభం ఒరిగినా స్టాండు మళ్లీ వెల్డరు దగ్గరికి పోవాలి.

బెంచీకి కాళ్లు అదే వెల్డరు చేస్తాడు. ఎత్తు పదిహేడంగుళాలు, వెడల్పు పన్నెండు. మిగిలిన ప్లైవుడ్ ముక్క మీద ఫోము పెట్టి రెక్సిన్ కుట్టించడానికి లారీ సీట్లు చేసేవాళ్లను మించినవాళ్లు లేరు. ఫోము మాత్రం గట్టిది అడగండి. వాళ్లకు మెత్తగా చేసిస్తేనే మంచి పనని అలవాటు.

వేడి, దుమ్ము, చప్పుడు

ఎండాకాలంలో ఇక్కడ 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. రేకుల షెడ్డులో అది ఇంకా పెరుగుతుంది. పొద్దున ఏడులోపు ముగించడమే ఉత్తమం. రేకుల పైన తెల్ల సున్నం, కింద ఫాల్స్ సీలింగు కొంత పనిచేస్తాయి, కాకపోతే ఎత్తు తగ్గుతుందని మరిచిపోవద్దు. కూలరు పెట్టకండి. గదిలో తేమ చేరి రాడ్డు తుప్పు పడుతుంది, అరచేతులు జారతాయి.

మిర్యాలగూడలో మిల్లులకు దగ్గర్లో ఉండేవాళ్లకు ఊక బూడిద, దుమ్ము అదనం. అది రాడ్డు చివరల్లోకి చేరి నూనెతో కలిసి ముద్దవుతుంది. వారానికోసారి నైలాన్ బ్రష్షుతో నర్లింగ్ దులిపి, కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు గుడ్డకు రాసి తుడవండి. వానాకాలం అయితే రెండుసార్లు. పట్టు కోసం చేతులకు రాసుకునేది మెగ్నీషియం కార్బొనేట్. బడిలో బోర్డు మీద రాసే చాక్‌పీసు దానికి బదులు రాదు.

చప్పుడు గురించి పొరుగువాళ్లకు ముందే చెప్పండి. కలిసిన గోడ ఉంటే వేదికను ఆ గోడకు దూరంగా జరపండి. "పొద్దుగాల్నే ఆ దడదడేంది?" అని అడిగించుకున్నాక చెప్పే సంజాయిషీ కంటే ముందు వెళ్లి చెప్పిన మాటకు విలువెక్కువ. వాళ్ల పిల్లవాణ్ని కూడా రమ్మనండి, చప్పుడు కొంత తగ్గినట్టు వినిపిస్తుంది.

మొదటి నెలలు

రాడ్డు వచ్చిన రోజే ప్లేట్లు ఎక్కించకండి. పీవీసీ పైపుతోనో వెదురు కర్రతోనో కదలిక నేర్చుకుని, తర్వాత ఖాళీ రాడ్డు, ఆ తర్వాతే బరువు. ఫోను పక్కనుంచి పెట్టి తీసుకుంటే రాడ్డు కాళ్లకు ఎంత దూరంగా పోతోందో కనిపిస్తుంది. అయినా వీడియోలు చూసి ఒంటరిగా స్నాచ్ నేర్చుకోవడం మంచి పద్ధతి కాదు. తెలిసిన కోచ్ దగ్గర మొదట కొన్నాళ్లు గడిపి, అప్పుడప్పుడూ వెళ్లి సరిచూపించుకోండి. బూట్లు మెత్తటి పరుగు బూట్లు వద్దు, మడమ కాస్త ఎత్తుగా, అడుగు గట్టిగా ఉండేవి కావాలి. ముందు నుంచీ వెన్నునొప్పి, రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

ధరలు ఇక్కడ కావాలనే రాయలేదు. ఇనుము, సిమెంటు ధరలు మారినంత తొందరగా పత్రికలు మారవు. వాటాలు మాత్రం చెప్పగలను: చేతిలో ఉన్న డబ్బులో మూడోవంతు నేలకు, వేదికకు. మూడోవంతు రాడ్డుకు. మిగిలిన దాంట్లో ప్లేట్లు, స్టాండు, బెంచీ సర్దుకోవాలి. సరిపోకపోతే బెంచీ ఆపండి, తర్వాత ప్లేట్లు తగ్గించండి. కాంక్రీటులోనూ రాడ్డులోనూ కోత పెట్టకండి.

ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ మొదలైందే 2000లో, సిడ్నీలో. ఆ ఏడాది సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కిలోలెత్తి కంచు పతకం గెలిచారు, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆమె పన్నెండేళ్ల వయసులోనే రాడ్డు పట్టారు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఆడపిల్లలుంటే, స్టాండుకు రంగు, గోడలకు అద్దాలు ఆపి, ఆ డబ్బుతో ముందు 15 కిలోల రాడ్డు ఒకటి కొనండి.